హాస్టల్‌కి డ్రగ్ టెస్ట్ కిట్లు కొనమంటున్నారు. కొనాలా, వద్దా?

నర్సీపట్నం మాస్టారు:
నేనో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. హాస్టల్ కమిటీలో నన్నూ వేశారు. వచ్చే వారం మీటింగ్. అజెండాలో ఉన్నది ఒకటే: పిల్లలకి డ్రగ్ టెస్ట్ చేసే కిట్లు కొనడం. 2024లో హైదరాబాద్ పబ్బుల్లో అక్కడికక్కడే ఫలితం చెప్పే కిట్లతో సోదాలు చేసిన దగ్గర్నుంచి మా మేనేజ్‌మెంట్‌కి ఈ ఆలోచన పట్టుకుంది. ఆంధ్రాలో 2024 నవంబరులో, తెలంగాణలో 2025 జూన్‌లో డ్రగ్స్‌ని అరికట్టడానికి ఈగల్ పేరుతో ప్రత్యేక దళాలు వచ్చాయి. డ్రోన్లంటున్నారు, శాటిలైట్లంటున్నారు. "పోలీసులే వాడుతుంటే మనకేం" అని వాదన. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకని అడిగితే గట్టిగా చెప్పలేకపోతున్నాను. కొనాలో వద్దో కారణంతో చెప్పండి. తిట్లు వద్దు.

ఖాకీ రిటైర్డ్:
కొనండి మాస్టారూ. నేను ముప్పై ఏళ్లు డిపార్ట్‌మెంట్‌లో చేసి దిగాను. అందులో సగం ఏజెన్సీ రోడ్ల మీదే గడిచింది. అప్పట్లో మా టెక్నాలజీ అంటే ముక్కు! బస్సు ఆపడం, ఎక్కడం, సీట్ల కింద వాసన చూడటం. ముందే సమాచారం ఉంటే సరుకు దొరికేది, లేకపోతే కళ్ల ముందే చెక్‌పోస్టు దాటిపోయేది. 2021లో గంజాయి తోటలు నరికే ఆపరేషన్ పరివర్తన మొదలయ్యాక మా తర్వాతి కుర్రాళ్లు డ్రోన్ ఎగరేస్తే, మేం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నడిచి ఎక్కే కొండవాలు పది నిమిషాల్లో స్క్రీన్ మీద కనిపించింది. ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఇదంతా ముక్కుతో అయ్యే పనేనా? కిట్టు కూడా అంతే. హాస్టల్లో కిట్టు ఉందని తెలిస్తే సగం మంది ఆ భయానికే దాని జోలికి పోరు.

గాజువాక అమ్మ:
మా అబ్బాయి బీటెక్ సెకండియర్. ఎనిమిది నెలలు గంజాయి తాగాడు, మాకు తెలియలేదు. కళ్లు ఎర్రగా ఉంటే రాత్రంతా చదువుతున్నాడు పాపం అనుకుని బాదంపాలు ఇచ్చాను. కిట్టు ఉండి ఉంటే మొదటి నెలలోనే తెలిసేది కదా. మీ వాదాలన్నీ తర్వాత, ముందు కొనండి మాస్టారూ.

పరీక్షనాళిక:
అమ్మా, మీ బాధకి అడ్డు చెప్పడం లేదు. నేను ల్యాబులో పనిచేస్తాను కాబట్టి కిట్టు ఎలా పనిచేస్తుందో మటుకు చెబుతాను.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి సరుకుని పరీక్షించేది. కొంచెం పొడి తీసి రసాయనంలో వేస్తే రంగు మారుతుంది. కొకైన్ అయితే కోబాల్ట్ థయోసయనేట్‌లో నీలం వస్తుంది. అదే నీలం, దగ్గు మందుల్లో, ఎలర్జీ మాత్రల్లో వాడే డైఫెన్‌హైడ్రమిన్‌కి కూడా వస్తుంది. రెండోది మనిషిని పరీక్షించేది, అంటే మూత్రంతోనో ఉమ్మితోనో చేసే స్ట్రిప్. ఇందులో ఉండే యాంటీబాడీ అనే ప్రోటీన్, డ్రగ్ అణువు ఆకారాన్ని చూసి పట్టుకుంటుంది. దగ్గరి పోలిక ఉన్న వేరే అణువు వచ్చినా అంటుకుంటుంది. తాళంలో పక్కింటి తాళంచెవి తిరిగినట్టు.

మన వంటింట్లో గసగసాలున్నాయి కదా, అవి నల్లమందు మొక్క గింజలే. బాగా తింటే మూత్రంలో నల్లమందులోని మార్ఫిన్ కనబడుతుంది. ఈ గొడవ వల్లే అమెరికా 1998లో ఉద్యోగుల పరీక్షల్లో మార్ఫిన్ పరిమితిని మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచింది. ఇక కోడీన్ ఉన్న దగ్గు సిరప్ తాగినవాడికీ స్ట్రిప్ పాజిటివ్ చూపిస్తుంది. గంజాయిది ఇంకో తంటా. రోజూ తాగేవాడు మానేసిన తర్వాత కూడా వారాల తరబడి మూత్రంలో పాజిటివ్ రావచ్చు. అంటే మీరు పట్టుకున్నది మానేసిన పిల్లాణ్ని కూడా కావచ్చు.

అందుకే దీన్ని మేం వడపోత అంటాం, నిర్ధారణ అనం. పాజిటివ్ వచ్చిన ప్రతి శాంపిల్‌నీ, ఏ అణువో కచ్చితంగా తేల్చే గ్యాస్ క్రొమటోగ్రఫీ మాస్ స్పెక్ట్రోమెట్రీ మీద మళ్లీ చూడాలి. హాస్టల్లో అది ఉందా? మాస్టారూ, మీరు లెక్కల వారు కదా. 400 మంది పిల్లలు, అందులో తాగేవాళ్లు 8 మంది అనుకోండి. కిట్టు నూటికి 5 సార్లు తప్పు చెబుతుందనుకోండి. వేసి చూడండి.

నర్సీపట్నం మాస్టారు:
వేశాను. తాగని 392 మందిలో దాదాపు 20 మందికి పాజిటివ్. తాగే 8 మందీ దొరికారనుకున్నా మొత్తం 28 పేర్లు, అందులో 20 మంది అమాయకులు. ఇరవై మంది తండ్రులకి ఫోన్ చెయ్యాల్సింది నేనే.

ఖాకీ రిటైర్డ్:
సార్, ల్యాబు మాటలు బానే ఉంటాయి. రోడ్డు మీద ఎస్సై చేతిలో మాస్ స్పెక్ట్రోమీటర్ పెడతారా? వాడికి అప్పటికప్పుడు ఓ దారి కావాలి, బండి ఆపాలా వదిలెయ్యాలా అని. కిట్టు ఆ పనికే.

పరీక్షనాళిక:
ఆ పనికైతే ఒప్పుకుంటాను. కానీ అక్కడితో ఆగుతున్నామా? 2024 మార్చిలో విశాఖ పోర్టు సంగతి గుర్తుందా? బ్రెజిల్ నుంచి వచ్చిన కంటైనర్‌లో రొయ్యల మేత కోసం తెప్పించిన 25,000 కిలోల ఎండు ఈస్ట్. సీబీఐ కిట్లతో చూస్తే శాంపిళ్లలో దాదాపు అన్నీ డ్రగ్స్ అన్నాయి. ఎన్నికల ముందు కదా, ఆ కంటైనర్ మీవాళ్లదంటే మీవాళ్లదని పార్టీలు నెలల తరబడి తిట్టుకున్నాయి. ఆ ఏడాది చివరికి ల్యాబులో డ్రగ్స్ ఏమీ లేవని తేలింది. ఈస్ట్ ఈస్టే.

పకోడీ:
అంటే రాష్ట్రం మొత్తం రొయ్యల మేత గురించి కొట్టుకుందన్నమాట 😂

హ్యూస్టన్ బాబాయ్:
మా ఊరి ముచ్చట కూడా వినండి. ఇక్కడ అమెరికాలో, హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో పోలీసులు ఏళ్ల తరబడి రెండు డాలర్ల కిట్టు జేబులో వేసుకుని తిరిగారు. కారులో దొరికిన పొడి నీలంగా మారితే అరెస్టే. లాయరు ఖర్చు లేక, బెయిల్ కట్టలేక, "ఒప్పుకుంటే నెలలో బయటికి పంపిస్తాం" అంటే చాలామంది ఒప్పేసుకున్నారు. ల్యాబు మాత్రం కేసు ముగిసిపోయినా శాంపిళ్లని పారెయ్యకుండా పరీక్షిస్తూ పోయింది. రెండు వందల మందికి పైగా దగ్గర దొరికినది డ్రగ్సే కాదని తేలింది. హ్యూస్టన్ పోలీసులు 2017లో ఆ కిట్లు మానేశారు. మానడానికి చెప్పిన కారణం మాత్రం ఫెంటనిల్ అనే ఘాటైన మత్తుమందు తగిలి పోలీసులకి ప్రమాదమని!

అలాగని ల్యాబు అంటే గుడి అనుకోకండి. మసాచుసెట్స్‌లో ఒకే కెమిస్టు పరీక్షలు చెయ్యకుండానే చేసినట్టు రాసేసింది. 2017లో 21,000కు పైగా కేసులు కొట్టేశారు.

నల్లకోటు:
ఎన్డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం కింద కేసులు వాదిస్తాను కాబట్టి నా మాట కొంచెం పొడుగుంటుంది, ఓర్చుకోండి.

ఈ థ్రెడ్‌లో అందరూ "పట్టుకోవడం" గురించే మాట్లాడుతున్నారు. కేసులు పోయేది అక్కడ కాదు, పట్టుకున్న తర్వాత. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలిసి లేని ఆకు, గింజ గంజాయి కిందకి రావు. కిలో లోపు తక్కువ పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, 37వ సెక్షన్ పడి బెయిలు దాదాపు రాదు. ఇప్పుడు గోనెసంచిలో 22 కిలోలు దొరికాయనుకోండి. కొమ్మ, ఆకు, కాడ అన్నీ కలిపి ఒకేసారి కాటా మీద పెడతారు. కొసలు వేరుచేసి తూస్తే ఎంత? పంచనామాలో ఉండదు. ఒక కుర్రాడు బెయిలు లేకుండా నెలల తరబడి లోపల ఉండేది ఆ రెండు కిలోల మీద. దీనికి ఏ శాటిలైటూ అక్కర్లేదు, ఒక గోనెపట్టా, ఒక కాటా, గంట ఓపిక చాలు.

శాంపిల్ సంగతి. 52ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ ముందు తియ్యాలి, గంజాయికి 24 గ్రాముల చొప్పున రెండు. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, 2022లో రూల్సూ వచ్చాయి. అయినా రోడ్డు మీదే శాంపిల్ తీసి సీలు వేసిన ఫైళ్లు నా టేబుల్ మీద ఉన్నాయి. మధ్యవర్తులుగా అవే పేర్లు, అవే సంతకాలు. ఆ తర్వాత ల్యాబు రిపోర్టు కోసం ఎదురుచూపు. అది లేకుండా వేసిన చార్జిషీటు పూర్తయినట్టా కాదా అని హైకోర్టులే తలో మాట చెప్పాయి.

కాబట్టి డబ్బుంటే ల్యాబుల్లో మనుషుల్ని వెయ్యండి. సోదా మొదట్నుంచి చివరిదాకా వీడియో తియ్యండి. 2024 జులై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ అదే చెబుతోంది, నేను ప్రతి గంజాయి కేసులోనూ ఆ వీడియో అడుగుతున్నాను. నిజంగా దొరికిందని చూపించే వీడియో ఉంటే నేనేం వాదిస్తాను? పోలీసుకి అంతకన్నా మంచి టెక్నాలజీ లేదు.

పకోడీ:
లాయరు గారూ, స్టోర్‌రూమ్‌లో ఎలుకల్ని కనిపెట్టే టెక్నాలజీ మర్చిపోయారు. 2022లో మథుర పోలీసులు 581 కిలోల గంజాయి ఎలుకలు తినేశాయని కోర్టుకి చెప్పారు.

ఖాకీ రిటైర్డ్:
నవ్వండి. పట్టుకున్న సరుకు దాచే మాల్‌ఖానా అంటే కిటికీ రెక్క లేని గది, పైన రేకు. వాన పడితే సంచులు నానుతాయి, సీలు లక్క ఊడుతుంది. దానికి బార్‌కోడూ, కెమెరా, తేమ పట్టని గదీ ఇమ్మని నేను సర్వీసులో ఉండగా రాసిన కాగితాలకి జవాబే రాలేదు. డ్రోన్ మాత్రం వచ్చింది, ఫొటో బాగా పడుతుంది కదా. ఈ ముక్కలో లాయరు గారితో ఏకీభవిస్తున్నాను, రాసిపెట్టుకోండి.

చింతపల్లి కుర్రాడు:
ఇంత సేపూ మా కొండల గురించి మాట్లాడుతున్నారు, మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. మా ఊళ్లో పిల్లలు డ్రోన్‌ని తూనీగ అంటారు. వస్తే పరిగెత్తుకెళ్లి చూస్తారు, ఆడవాళ్లు మాత్రం ఏటి దగ్గర స్నానాలు ఆపి లోపలికి పోతారు. తోటలు తగ్గిన మాట నిజమే, డ్రోన్ వల్ల కొంత. అయితే నరికేసిన తర్వాత ఏం వేసుకోమంటారు? గంజాయి ఆరు నెలల్లో చేతికొస్తుంది. కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు, సిల్వర్ ఓక్ నీడ ఎదిగి మిరియం పాకాలంటే ఇంకా ఎక్కువ. రాజ్‌మా ఉంది, పసుపు ఉంది, కొనేవాడు కొండెక్కి రావాలి.

డ్రోన్‌కి మొక్క కనబడుతుంది. దానికి అడ్వాన్సు ఇచ్చి వెళ్లిన షావుకారు కనబడడు. మూట మోసినందుకు మావాడు జైల్లో ఉన్నాడు. మూట ఎవరిదో వాడికీ తెలియదు.

ఖాకీ రిటైర్డ్:
తమ్ముడూ, ఆ షావుకార్ని పట్టే టెక్నాలజీ ఇప్పుడుంది. కాల్ డేటా, ఫోన్‌పే లావాదేవీలు, బ్యాంకు ఖాతాలు. చట్టంలో ఆస్తులు జప్తు చేసే సెక్షన్లూ ఉన్నాయి. తీరుబడిగా కూర్చుని తవ్వే మనిషి కావాలంతే.

నల్లకోటు:
తవ్వడం సరే, ఎవరి ఫోన్? 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో రోడ్డు మీద పోయేవాళ్లని ఆపి వాట్సాప్‌లో "గంజాయి" అని వెతికిన వార్తలు వచ్చాయి. బ్యాంకు రికార్డు తెప్పించుకోవాలంటే కాగితం రాయాలి, సంతకం పెట్టాలి, రేపు కోర్టులో జవాబు చెప్పాలి. దారిన పోయేవాడి ఫోన్ లాక్కోవడానికి అవేవీ అక్కర్లేదు, అందుకే అది సులువు.

మాస్టారూ, మీ హాస్టల్ సంగతికొస్తే, గంజాయి తాగడం కూడా 27వ సెక్షన్ కింద నేరమే, ఆరు నెలల దాకా జైలు. మీరు చేసిన పరీక్ష కోర్టులో నిలబడదు గానీ, ఆ రిజిస్టరు ఎవరి చేతిలో పడుతుందో మీకు తెలియదు. గాజువాక అమ్మ గారికి: వాడకం కేసులో ఇరుక్కున్నా, తనంతట తాను చికిత్సకి వెళ్లి పూర్తి చేసినవాడికి 64ఎ సెక్షన్ కింద విచారణ నుంచి మినహాయింపు ఉంది.

గాజువాక అమ్మ:
ఇప్పుడు బాగానే ఉన్నాడండీ, నాలుగు నెలలైంది మానేసి. పరీక్షనాళిక గారి మాట చదివాక ఒకటే టెన్షన్. మానేసిన వాడికి కూడా పాజిటివ్ వస్తుందంటే, వాడి కాలేజీలో ఆ మొదటి రెండు నెలల్లో కిట్టు పెట్టి ఉంటే ఏమయ్యేది? నేను కొనండి అన్న మాట వెనక్కి తీసుకోను గానీ, దొరికిన పిల్లాణ్ని ముందు ఎవరి దగ్గరికి పంపుతారో తేల్చుకుని కొనండి.

నర్సీపట్నం మాస్టారు:
మీటింగ్ అయింది. నా 28 మంది లెక్క బోర్డు మీద వేసి చూపించాను. కిట్లు ఈ ఏడాదికి వద్దన్నారు. వారానికి రెండు రోజులు కౌన్సెలర్ వస్తారు. ఈగల్ వాళ్ల హెల్ప్‌లైన్ నంబరు, 1972, మెస్ గోడ మీద రాయిస్తున్నాం. వార్డెన్ గారు మాత్రం అన్నీ శ్రద్ధగా రాసుకుని, ఎందుకైనా మంచిదని ఆదివారం కోడికూరలో గసగసాలు మానెయ్యమని వంటాయనకి చెప్పారు.