11 రోజుల్లో రెండుసార్లు రేబీస్ టీకా పడింది. కుక్కకి ఏమైనా ప్రమాదమా?

మౌలాలి స్పిట్జ్

ఇండియన్ స్పిట్జ్, ఆడది, మూడేళ్లు, 7 కిలోలు. జూన్ 25న క్లినిక్‌లో ఏడాది టీకాలు పడ్డాయి: సెవెన్ ఇన్ వన్, రేబీస్. జూలై 6న కాలనీలో ఉచిత రేబీస్ క్యాంపు పెట్టారు. ముందే వేయించిన సంగతి తెలియక నాన్నగారు తీసుకెళ్లి ఇంకో రేబీస్ వేయించారు. ఇప్పటికి ఒకటిన్నర రోజైంది. తిండి సగమే తింటోంది. మెడ వెనక గోలీకాయంత గడ్డ తగులుతోంది, ముట్టుకుంటే తల తిప్పేస్తోంది. వాంతులు లేవు, మొహం వాపు లేదు, నీళ్లు తాగుతోంది.

దీనికి విరుగుడు ఏమైనా ఇప్పించాలా? రెండో డోసు వల్ల ముందు ముందు ఏమైనా ఇబ్బంది వస్తుందా? ఇంకో అనుమానం కూడా ఉంది. క్లినిక్ కార్డులో జూన్ 25కి ఎదురుగా మూడు స్టిక్కర్లు ఉన్నాయి, కానీ ఆ రోజు వేసినవి రెండు సూదులే. అక్కడ కూడా ఏదైనా డబుల్ అయిందా?

సూదిమందు

కంగారు పడాల్సింది ఏమీ లేదండీ. కుక్కలకి వేసే రేబీస్ టీకాలో ఉండేది చంపిన వైరస్. అది ఒంట్లో పెరగదు, రెండు డోసులు పడ్డా రేబీస్ రాదు. దానికి విరుగుడు అంటూ ఏదీ లేదు, అవసరమూ లేదు.

పెంపుడు కుక్కని వీధికుక్క కరిస్తే మన దగ్గర డాక్టర్లు ఇదే టీకాని 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. అంటే నెల తిరక్కుండానే ఐదు డోసులు. మీ దానికి పడినవి రెండే. పైగా టీకాకి అనుమతి ఇచ్చేముందు ఎక్కువ డోసు పడితే ఏమవుతుందో పరీక్షించి చూస్తారు. యూరప్ నిబంధనల్లో లైవ్ టీకాకి (బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉండేది) పది రెట్లు డోసు ఇచ్చి చూడటం ఆనవాయితీ, కిల్డ్ టీకాకి (చంపిన వైరస్ ఉండేది) కూడా ఇదివరకు రెట్టింపు డోసు ఇచ్చి చూసేవారు.

ఆ గడ్డ ఎందుకు వచ్చిందంటే: కిల్డ్ టీకా తనంతట తాను పెరగలేదు కాబట్టి, రోగనిరోధక కణాలని అక్కడికి రప్పించడానికి మందులో అడ్జువెంట్ కలుపుతారు, చాలావాటిలో అది అల్యూమినియం లవణం. సూది పడ్డచోట చిన్నపాటి వాపు రావాలనే దాన్ని కలిపేది. మొదటి డోసు తాలూకు యాంటీబాడీలు రక్తంలో ఉండగానే రెండోది పడితే ఆ వాపు ఇంకాస్త గట్టిగా ఉండొచ్చు. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో కరిగిపోతుంది. చల్లటి తడిగుడ్డ రోజుకి రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు పెట్టండి. పిసకొద్దు, వేడి కాపడం వద్దు, యాంటీబయాటిక్ వద్దు. మెడపట్టీ ఆ గడ్డ మీద రాసుకుంటుంటే నాలుగు రోజులు తీసేసి, ఛాతీకి వేసే బెల్టు వాడండి. గడ్డ నెల దాటాక కూడా పెరుగుతున్నా, 2 సెంటీమీటర్లు మించినా, మూడు నెలలైనా పోకపోయినా సూదితో నమూనా తీయించాలి. ఈ లెక్క పిల్లుల కోసం పుట్టింది, టీకా చోట క్యాన్సర్ గడ్డ రావడం వాటిలోనే ఎక్కువ. కుక్కల్లో అది చాలా అరుదు, అయినా కొలత పనికొస్తుంది.

జ్వరం చూడండి. మామూలు డిజిటల్ థర్మామీటర్‌కి కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెడితే చాలు. కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే. మనిషి లెక్కతో చూసి బెదిరిపోకండి. 103.5 దాటితే డాక్టర్‌కి చూపించాలి. ఇంట్లో ఉన్న బ్రూఫెన్ మాత్రం వేయకండి, కుక్క కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. డోలో కూడా సొంతంగా వద్దు.

అలర్జీ వచ్చేదుంటే నిమిషాల్లోనో గంటల్లోనో, మహా అయితే ఒక రోజులోనో వచ్చేస్తుంది. మొహం ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు, వెంటవెంటనే వాంతులు, రక్త విరేచనాలు, చిగుళ్లు తెల్లబడి కూలబడిపోవడం: వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు పరుగెత్తాలి. అక్కడ చేసేది అడ్రినలిన్, సెలైన్, ఆ తర్వాతే అవిల్, స్టెరాయిడ్. మీరు ఆ గీత దాటేశారు.

ఇంకో మాట. 2005లో అమెరికాలో 12 లక్షలకి పైగా కుక్కల రికార్డులు తిరగేసిన అధ్యయనం ఒకటి ఉంది. టీకా పడ్డ మూడు రోజుల్లోపు ఏదో ఒక రియాక్షన్ కనిపించినవి 10,000కి 38. అయితే ఒకే రోజు వేసిన టీకాల సంఖ్య పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది: 10 కిలోలలోపు కుక్కల్లో ఒక్కో అదనపు టీకాకి 27 శాతం, 12 కిలోలు దాటినవాటిలో 12 శాతం. టీకా డోసు కుక్క బరువుని బట్టి మారదు, చివావాకైనా గ్రేట్ డేన్‌కైనా అదే 1 మిల్లీలీటరు. చిన్నవాటికి రియాక్షన్లు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. అంటే మీ 7 కిలోల కుక్కకి కాస్త రిస్కు రోజు జూన్ 25, జూలై 6 కాదు. అది సాఫీగా గడిచింది.

ఫ్రిజ్ 2 నుంచి 8

స్టిక్కర్ల సంగతి: డబుల్ కాలేదండీ. సెవెన్ ఇన్ వన్ రెండు సీసాలుగా వస్తుంది. ఒకదాంట్లో డిస్టెంపర్, పార్వో, అడినో, పారాఇన్‌ఫ్లుయెంజా లైవ్ వైరస్‌లు ఎండిన బిళ్లలా ఉంటాయి. రెండోదాంట్లో లెప్టో (ఎలుకల మూత్రం నుంచి అంటే జబ్బు) నీటి మందు. నీటి మందు లాగి బిళ్లలో పోసి, కలిపి, ఒకటే సూదిగా వేస్తారు. సూది ఒకటి, స్టిక్కర్లు రెండు. మూడోది రేబీస్.

నిజంగా రెండుసార్లు పడిందా అని తేల్చుకోవాలంటే స్టిక్కర్ మీది పేరు, బ్యాచ్ నంబరు చూడండి. ఒకే పేరు, ఒకే బ్యాచ్ రెండుసార్లు కనిపిస్తే అప్పుడు అడగాలి. డోసు ఎక్కువైందేమో అనే భయం కన్నా, డోసు పనిచేసిందా అన్న ప్రశ్న మన ఊళ్లో ముఖ్యం. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. లైవ్ టీకా కలిపాక అరగంటలో వేసేయాలి. మే నెలలో మెడికల్ షాపులో కొని, కవర్‌లో పెట్టుకుని బండి మీద ఊరంతా తిప్పి వేయించుకునే టీకాకి స్టిక్కర్ ఉంటుంది గానీ బలం ఉంటుందని చెప్పలేం. మందు గడ్డకట్టినా పాడే, ఫ్రీజర్ గోడకి ఆనించి పెట్టకూడదు.

నాచారం ల్యాబ్

ఇదే తీరు నాది ఇంకో ప్రశ్న. ల్యాబ్రడార్ పిల్ల, ఇయ్యాల్టికి 52 దినాలు. అమ్మినాయన 45వ దినం ఫస్ట్ డోస్ అయిందని కార్డు ఇచ్చిండు, దాని మీద సంతకం ఉంది గానీ స్టిక్కర్ లేదు. క్లినిక్ల 49వ దినం మళ్లీ వేసిండ్రు. నాలుగు దినాల తేడాల రెండు లైవ్ టీకాలు పడితే పిల్లకు ఏమన్న అయితదా?

సూదిమందు

ఏం కాదండీ. స్టిక్కర్ లేని కార్డుని వేయనట్టే లెక్కపెట్టాలి. మీ క్లినిక్ చేసింది సరైన పని.

ఒకవేళ 45వ రోజు నిజంగానే వేసి ఉంటే సమస్య ఇంకో వైపు నుంచి వస్తుంది. లైవ్ టీకా పడ్డాక కొన్నాళ్లు ఒంట్లో వైరస్‌ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్‌లు పనిచేస్తుంటాయి, అవి రెండో టీకా వైరస్‌ని పెరగనివ్వవు. అందుకే రెండు వారాలలోపు పడిన లైవ్ డోసు హాని చేయదు గానీ, లెక్కకి రాకపోవచ్చు. దానికి తోడు ఈ వయసులో తల్లిపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు కూడా టీకాని అణిచేస్తాయి. అవి ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతాయో చూసి చెప్పలేం కాబట్టే ఇన్ని డోసులు వేసేది.

కాబట్టి 49వ రోజునే మొదటిదిగా పెట్టుకోండి. అక్కణ్నుంచి మూడు, నాలుగు వారాలకొకటి. ఎన్ని డోసులయ్యాయన్నది కాదు, చివరిది 16 వారాలు నిండాక పడిందా లేదా అన్నదే అసలు లెక్క. 10, 12 వారాలకే ‘మూడు అయిపోయాయి’ అని ఆపేసిన పిల్లలకే పార్వో వస్తుంటుంది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం 2024 మార్గదర్శకాలు ఆరు నెలలకి ఇంకొకటి వేయమంటున్నాయి, మొదటి ఏడాది నిండేదాకా ఆగకుండా. రేబీస్ 12 వారాలు దాటాక.

వచ్చే వారం పిల్లకి విరేచనాలైతే పార్వో కిట్‌తో చూసే డాక్టర్‌కి టీకా తేదీ తప్పకుండా చెప్పండి. లైవ్ పార్వో టీకా వైరస్ కొన్ని రోజులు మలంలో పోతుంది, కిట్‌లో సన్నటి గీత దానివల్ల కూడా పడొచ్చు.

పాత జాగిలం

అందరూ ఏం కాదు ఏం కాదు అంటున్నారు. ఎక్కువ టీకాల వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే జబ్బు వస్తుందని చాలాచోట్ల రాశారు కదా?

సూదిమందు

టీకా తర్వాత నెల లోపల ఆ జబ్బు కనిపించిన కుక్కల గురించి 1996 నుంచీ చర్చ ఉంది. తర్వాత వచ్చిన పరిశీలనలు అన్నీ ఒకే మాట చెప్పలేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి ఒక డోసు అదనంగా పడితే భయపడాల్సినంత ఆధారం లేదు. కానీ ఇదివరకే ఆ జబ్బు గానీ, ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు గానీ వచ్చి తగ్గిన కుక్క అయితే ఏ టీకా అయినా డాక్టర్‌తో మాట్లాడాకే. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ మీద ఉన్నవి, కడుపుతో ఉన్నవి లైవ్ టీకాకి దూరంగా ఉండాలి. వాటికి పొరపాటున పడితే ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి.

హైదరాబాద్‌లో నేను ముందు అనుమానించేది వేరే. టీకా తర్వాత జ్వరం రెండు రోజులు దాటి ఉందంటే దాన్ని టీకా మీద తోసేసి ఊరుకోకండి. చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు చూడండి, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూపించండి. టిక్ ఫీవర్ ఈ ఊళ్లో అంత మామూలు.

ఫ్రిజ్ 2 నుంచి 8

ఇక్కడ ఎవరూ అనలేదు గానీ, టీకాల్లో నిజంగా పరుగెత్తాల్సిన పొరపాటు ఒకటుంది. కెన్నెల్ కాఫ్ (కుక్కల అంటు దగ్గు) టీకాల్లో ముక్కులో చుక్కలుగా వేసేది ఉంటుంది, బోర్డెటెల్లా అనే బతికున్న బ్యాక్టీరియా అందులో ఉంటుంది. దాన్ని కూడా బిళ్లని నీటితో కలిపి సిరంజిలోకే లాగుతారు. తర్వాత సూది తీసేసి ముక్కులో వేయాల్సింది, హడావిడిలో చర్మం కింద గుచ్చేస్తే అక్కడ పెద్ద చీముగడ్డ కట్టొచ్చు. కొన్ని కుక్కల్లో లివర్ దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చింది కూడా. వెంటనే తెలిస్తే డాక్టర్ ఆ చోట సెలైన్‌లో జెంటామైసిన్ కలిపి ఎక్కిస్తారు, డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు. రెండు మూడు రోజులు చూద్దాం అనుకునే కేసు కాదిది.

దీనికి తిరగబడిన పొరపాటు, అంటే సూదిగా వేయాల్సింది ముక్కులో చుక్కలుగా పోయడం, హాని కన్నా వృథా. మళ్లీ సరిగ్గా వేయించుకోవాలి.

మౌలాలి స్పిట్జ్

అందరికీ థాంక్స్ అండీ. ఇప్పుడే చూశాం, 102.2 ఉంది. పెరుగన్నం తింది. స్టిక్కర్లు కూడా మీరు చెప్పినట్టే మూడు వేర్వేరు పేర్లు. వచ్చే ఏడాది రేబీస్ ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి? లైసెన్సుకి ఏ కాగితం ఇవ్వాలి?

సూదిమందు

లైసెన్సుకి క్లినిక్ సర్టిఫికెట్టే ఇవ్వండి: టీకా పేరు, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. క్యాంపు చీటీల్లో చాలాసార్లు తేదీ ఒక్కటే ఉంటుంది. అయినా పారేయకండి, కార్డులో జూలై 6 అని రాయించి పిన్ చేసి పెట్టుకోండి.

వచ్చే ఏడాది రేబీస్, సెవెన్ ఇన్ వన్ రెండూ ఒకే రోజు వేయించొద్దు. వేర్వేరు రోజుల్లో వేసేటప్పుడు రెండింటి మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. సర్టిఫికెట్ జూన్ 25ది కాబట్టి రేబీస్ జూన్ 24కి, దానికి ముందు జూన్ 8, 9 ప్రాంతంలో లెప్టో. లెప్టో రక్షణ ఏడాదికి మించి నిలబడదు, వానలు మొదలయ్యాక ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు వీధిలో పారే ఊరు మనది, అందుకే దాన్ని వాయిదా వేయొద్దు. డిస్టెంపర్, పార్వో భాగం పెద్ద కుక్కకి మూడేళ్లకోసారి చాలు, లెప్టో విడిగా దొరుకుతుందేమో క్లినిక్‌లో ముందే అడిగి పెట్టుకోండి. దొరక్కపోతే సెవెన్ ఇన్ వన్ వేయించినా నష్టం లేదు, డబ్బు దండగ అంతే. ఉదయం పూట వెళ్లండి, సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోండి. కార్డు ఫోటో మాత్రం ఈ రోజే తీసి నాన్నగారి ఫోన్‌లో కూడా వేయండి.