క్యోటో వనభోజనాలు: భద్రతా ఏర్పాట్లపై కార్యకర్తల చర్చ

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఈ ఏడాది కార్తీక వనభోజనాలను క్యోటోలో, కామొ, తకానొ నదులు కలిసే దెమచియనగి ఒడ్డున జరపాలని నిర్ణయించుకున్నాం. నవంబరు మూడో వారానికి అక్కడ మేపుల్ ఆకులు ఎర్రబడతాయి కనుక జనం విపరీతంగా ఉంటారు. దొంగల భయం తక్కువే గాని, ఆ రద్దీలో పెద్దలో పిల్లలో మననుంచి తప్పిపోవడమే అసలు ప్రమాదమని నా అభిప్రాయం. అందువల్ల ఎనిమిది మందికొక కార్యకర్తను నియమిద్దాం.

రవాణా బాధ్యులు:
కియొమిజు ఆలయం వైపు వెళ్లే బస్సులలో నిలబడడానికైనా చోటు దొరకదు. ఒసాకానుంచి కేహాన్ రైలులో వెళితే ఫుషిమి ఇనారి ఆలయం, గియోన్ పాతపేట, దెమచియనగి మూడూ ఒకే దారిలో వస్తాయి. అయితే లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ ఫుషిమి ఇనారిలో ఆగదన్న సంగతి ముందే చెప్పకపోతే సగం మంది గియోన్‌లో తేలుతారు.

భోజన విభాగం:
నది ఒడ్డున గద్దల బెడద ఉంది. హెచ్చరిక బోర్డులు కూడా పెట్టారు. పులిహోర పొట్లం చేతిలో పట్టుకొని కబుర్లాడుతూ నిలబడితే, వెనుకనుంచి వచ్చి నిజంగానే తన్నుకుపోతాయి, వాటి గోళ్లు పిల్లల ముఖాలకు తగలవచ్చు. కనుక చెట్ల నీడన, పొట్లాలకు మూతలు పెట్టుకొని కూర్చోబెడదాం. వంట ఇళ్లలోనే ముగించాలి, ఒడ్డున పొయ్యి మాట తలపెట్టవద్దు. నది దాటడానికి తాబేలు ఆకారపు రాళ్లున్నాయి. ముందురోజు వాన పడితే పిల్లలను వాటిపైకి పంపకూడదు.

ఆరోగ్య విభాగం:
ఇండియానుంచి వచ్చిన తల్లిదండ్రుల గురించి రెండు మాటలు. కియొమిజుకు వెళ్లే సన్నెన్‌జక రాతి మెట్లు తడిస్తే జారుతాయి. అక్కడ పడినవారు మూడేళ్లలో పోతారని స్థానికుల నమ్మకం. ఆ మాట విన్న మా అత్తయ్యగారు కింద టీకొట్టులోనే కూర్చుండిపోయారు, అదీ మంచిదే అయింది. అత్యవసరమైతే 119కు ఫోన్ చేయాలి. అగ్నిప్రమాదానికీ అంబులెన్సుకూ అదే నంబరు కాబట్టి ముందుగా ఏది కావాలని అడుగుతారు; అంబులెన్సుకు ‘క్యూక్యూ’ అనాలి. పోలీసులకు 110. భూకంప హెచ్చరికతో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగితే, రాతి దీపస్తంభాలకూ పాత ఇళ్ల పెంకుల చూరులకూ దూరంగా జరగాలి.

సమన్వయకర్త:
అన్నీ అంగీకారమే. ఒకటి చేరుస్తున్నాను: గియోన్‌లోని ప్రైవేటు సందుల్లోకి 2024నుంచి పర్యాటకులను రానివ్వడం లేదు, 10,000 యెన్‌ల జరిమానా బోర్డులున్నాయి. ఫొటోల కోసం మైకోల (నృత్యగానాల గెయిషా వృత్తి నేర్చుకునే అమ్మాయిల) వెంటపడవద్దని మన యువకులకు గట్టిగా చెప్పండి. ఇక్కడ నివసించేవారు రెసిడెన్స్ కార్డు, అతిథులు పాస్‌పోర్టు అసలు ప్రతినే వెంట తేవాలి. పెద్దల జేబులో పెట్టడానికి జపనీస్‌లో చిరునామా, కార్యకర్త ఫోన్ నంబరు రాసిన చీటీలను రవాణా బాధ్యులు గురువారంలోగా సిద్ధం చేయగలరా?