మూడేళ్లు ఇల్లు తడపని కుక్క ఇప్పుడు లోపలే మూత్రం పోస్తోంది: ఎక్కడ మొదలుపెట్టాలి?

తెల్లమచ్చ:
అందరికీ నమస్కారం. మా చుక్కకు నాలుగేళ్లు. ఆడకుక్క, రెండో ఏట పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఐదు నెలల వయసుకే ఒంటికి, రెంటికి బయటికి వెళ్లడం నేర్చుకుంది. ఆ తరువాత ఎంత వానలోనైనా తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని పిలిచేదే గాని, లోపల ఒక్క చుక్క పడనిచ్చేది కాదు. అలాంటిది రెండు నెలలుగా ఇంట్లో తడి కనిపిస్తోంది. మొదట దాని పరుపు మీద, తరువాత సోఫా వెనక, ఈ వారం మంచం కింద. కోపం ఆపుకోలేక నాలుగైదుసార్లు దాన్ని తడి దగ్గరికి లాక్కెళ్లి చూపించి గట్టిగా అరిచాను. అప్పుడది చెవులు వెనక్కి వేసి, చూపు పక్కకు తిప్పుకుని, తప్పు ఒప్పుకున్నట్టే నిలబడింది. తప్పని తెలిసి కూడా ఎందుకు చేస్తోందో నాకు అర్థం కావడం లేదు. కుక్కపిల్లకు నేర్పినట్టు మళ్లీ మొదటి నుంచి నేర్పాలా? మీ అనుభవాలు చెప్పండి.

మేడమెట్లు:
తెల్లమచ్చ గారూ, కారణాల సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ అరవడం ఆపేయండి. ఇది మీ మీద నింద కాదు. నా మొదటి కుక్క విషయంలో నేనూ అదే పని చేసి, దాన్ని దిద్దుకోవడానికి ఐదారు నెలలు కష్టపడ్డాను. కుక్క ముఖంలో కనిపించే ఆ 'తప్పు చేసిన చూపు' గురించి అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగం 2009లో ప్రచురితమైంది. తినవద్దన్న తిండిని కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి కాక, యజమాని తిట్టారా లేదా అన్నదాన్ని బట్టే ఆ చూపు కనిపించిందని అందులో తేలింది. అంటే చుక్క మీ గొంతుకు భయపడింది, అంతే. గంట కిందట పోసిన మూత్రానికీ ఇప్పటి మీ కోపానికీ ముడి పెట్టుకోవడం దానికి చేతకాదు.

నా కుక్క అప్పట్లో నేర్చుకున్నదేమిటంటే, మనిషి కళ్లెదుట పోస్తే ప్రమాదం అని. గొలుసుతో బయటికి తీసుకెళితే ముప్పావుగంట నడిచినా ఒంటికి వెళ్లేది కాదు. ఇంటికి వచ్చి గొలుసు విప్పగానే వెనకగదిలోకి పోయి అక్కడ పోసేది. అది మొండితనమనే అనుకున్నాను గాని, నా ఎదుట పోయడానికి భయపడుతోందని చాలా రోజులు తోచలేదు. మీ చుక్క కూడా పరుపు వదిలి సోఫా వెనకకు, మంచం కిందకు చేరిందంటే నాకు ఆ రోజులే గుర్తుకు వస్తున్నాయి.

రాత్రికాపలా:
మీరు రాసినదాంట్లో నా కంటికి ఆనింది వేరే మాట: మొదట పరుపు మీద. ఏ కుక్కా మెలకువగా ఉండి, చేతనైనంతవరకు, తాను పడుకునే చోట పోసుకోదు. నా ఏడేళ్ల ఆడకుక్కకు ఇలాగే జరిగింది. పగలంతా బాగానే ఉండేది. పొద్దున్నే లేచాక పరుపు మీద, సరిగ్గా దాని వెనకకాళ్లు ఆనిన చోట, అరచేతంత గుండ్రని తడి ఉండేది. ముట్టుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉండేది. దానికి అసలు తెలిసేదే కాదు. లేచి ఒకసారి వాసన చూసి, తడిసిన వెంట్రుకలను నాకి శుభ్రం చేసుకునేది. గర్భాశయం, అండాశయాలు తీసేసిన ఆడకుక్కల్లో కొన్నింటికి ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గి, మూత్రనాళాన్ని బిగించి ఉంచే కండరం పట్టు సడలుతుంది. ఆపరేషన్ జరిగిన వెంటనే కావచ్చు, ఏళ్ల తరువాత కావచ్చు. కుక్క నిద్రలోనో విశ్రాంతిలోనో ఉన్నప్పుడు కారిపోతుంది. దీన్ని శిక్షణతో మాన్పించలేము, కాని మందుకు చాలావరకు లొంగుతుంది. మా పశువైద్యులు ముందు మూత్రపరీక్ష చేసి, ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నాకే ఆ కండరాన్ని బిగించే ఫినైల్‌ప్రొపనోలమైన్ అనే మందు రాశారు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్న కుక్కలకు అది ఇబ్బంది కలిగించవచ్చు కాబట్టి ఎవరూ సొంతంగా వేయకండి.

వైద్యుల దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు ఒక పుస్తకంలో రాయండి. తడి ఏ వేళ కనిపించింది, ఎక్కడ, ఎంత, అప్పుడు కుక్క పడుకుని ఉందా, కూర్చుని పోసిందా, కాలెత్తిందా, ఇంట్లో ఎవరున్నారు. మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తూ ముక్కుతుంటే మూత్రాశయంలో మంట గాని రాళ్లు గాని ఉండవచ్చు. అలా ముక్కినా ఏమీ రాకపోతే పుస్తకం పక్కన పెట్టి వెంటనే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రతిసారీ మడుగులు కట్టేంత పోస్తుంటే తాగే నీటిని కొలవండి: పొద్దున గిన్నెలో కొలిచి పోసి, మరునాటి పొద్దున మిగిలినది తీసేస్తే లెక్క తెలుస్తుంది. ఒక కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే అది మామూలు దాహం కాదు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, కుషింగ్ వ్యాధి (ఒంట్లో కార్టిసాల్ హార్మోను ఎక్కువయ్యే జబ్బు) వంటివన్నీ అలా బయటపడతాయి. దురదకు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడే కుక్కలు కూడా విపరీతంగా తాగుతాయి. దాహం ఎక్కువైందని నీళ్లు మాత్రం ఎవరూ తగ్గించవద్దు. పొద్దుటి మొదటి మూత్రాన్ని లోతు లేని శుభ్రమైన గిన్నెలో పట్టి, ఆలస్యం చేయకుండా పరీక్షకు ఇస్తే మంచిది.

గోధుమతోక:
కుక్కపిల్లలున్నవారికి మాత్రం మొదటి నుంచి నేర్పడమే మార్గం. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చే గంటలకు మించి, అంటే మూడు నెలల పిల్ల పగటిపూట నాలుగు గంటలకు మించి, ఆపుకోలేదని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. నా అనుభవంలో అది కూడా ఎక్కువే. నిద్ర లేవగానే, తిన్న పావుగంట నుంచి అరగంటలోపు, ఆట ఆగగానే బయటికి తీసుకెళ్లి, పోసిన మరుక్షణమే అక్కడే మెచ్చుకోవాలి.

పెద్దయ్యాక తెచ్చుకున్న మా కుక్క కథ వేరు. అది ఏడాది పాటు సిమెంటు నేల మీదే బతికింది. గడ్డి మీద ఒక పాదం ఆనించి, కాలినట్టు వెనక్కి తీసుకునేది. ఏ నేల మీద పోయాలన్న అలవాటు కుక్కలకు పసితనంలోనే పడుతుంది. అందుకని పెరట్లో ఒక సిమెంటు పలక వేసి, దాని మీద పోయడం మొదలుపెట్టాక వారానికి కొంత మట్టి చల్లుతూ వచ్చాం. రెండు నెలలకు పలక పూర్తిగా మట్టి కిందకు పోయింది, అదీ గమనించనే లేదు.

పాతనేస్తం:
ముసలి కుక్కల మాట కూడా ఇక్కడ ఉండాలి. మా వాడికి 14 ఏళ్లు. బయట పావుగంట తిరిగి లోపలికి వచ్చి, హాలు మధ్యలో నిలబడి పోసేవాడు. మరో గుర్తు కూడా ఉండేది, నేను దాన్ని పట్టించుకోలేదు: బయటికి వెళ్లాలంటే తలుపు తెరుచుకునే వైపు కాక బందుల వైపు నిలబడి ఎదురుచూసేవాడు. అది మతిమరుపు జబ్బని వైద్యులు చెప్పాకే తెలిసింది. ఆ జబ్బు లక్షణాల్లో ఒకటైనా 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి కనిపించినట్టు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో 2001 నాటి అధ్యయనం ఒకటి చెబుతోంది. వాడికి కీళ్లనొప్పి కూడా ఉండటంతో మెట్లు దిగడం బాధగా ఉండేది. నొప్పికి మందు, మెట్లకు వాలుపలక, రాత్రి మధ్యలో ఒకసారి లేపి తీసుకెళ్లడం, వీటితో చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు, పోతుందని నేను ఎదురుచూడనూ లేదు. వాడు ఉన్నన్నాళ్లు హాల్లో తడి పీల్చే గుడ్డ పరిచి ఉంచాం.

జంటచెవులు:
మగకుక్క గోడకో, కుర్చీకాలికో కాలెత్తి నాలుగు చుక్కలు చల్లితే అది తన చోటని గుర్తు పెట్టడం. కొత్త కుక్క, కొత్త సామాను, కిటికీలోంచి కనిపించే పొరుగు కుక్క ఏవైనా కారణం కావచ్చు. ఆపరేషన్‌తో చాలా కుక్కల్లో తగ్గుతుంది, అన్నింటిలో కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే పోసే కుక్కను, మీరు వెళ్లిన తరువాతి అరగంట, ఫోన్‌తో వీడియో తీయండి. తలుపు గీకుతూ, ఏడుస్తూ తిరుగుతుంటే అది విడిచి ఉండలేని ఆందోళన.

తెల్లమచ్చ:
తొమ్మిది రోజులు రాశాను. పరుపు అయిదు రాత్రులు తడిసింది, అయిదుసార్లూ చుక్క గాఢనిద్రలోనే ఉంది. నీరు తాగడం మామూలుగానే ఉంది. ఇన్ఫెక్షన్ లేదని పరీక్షలో తేలింది. కండరం పట్టు సడలడమేనని వైద్యులు భావించి మందు మొదలుపెట్టారు. గత నాలుగు రాత్రులు పరుపు పొడిగా ఉంది. కాని సోఫా వెనక రెండుసార్లు పగటిపూట పోసింది, ఆ రెండుసార్లూ నేను అదే గదిలో ఉన్నాను. నిద్రలో కారినదానికి నేను అరిచి, నా నుంచి దాక్కోవడం నేనే దానికి నేర్పానని పుస్తకం చూస్తే తెలుస్తోంది. దీన్ని ఎలా సరిచేయాలి?

మేడమెట్లు:
ముందు వాసన పోవాలి. అమ్మోనియా ఉన్న ద్రావణాలతో తుడిస్తే కుక్కకు అది మూత్రం వాసనలాగే తోస్తుంది. బ్లీచింగ్ ద్రావణాన్ని మూత్రం మీద పోస్తే ఊపిరికి హాని చేసే వాయువులు వస్తాయి. మూత్రాన్ని విడగొట్టే ఎంజైములున్న ద్రావణాన్ని, తడి ఎంత లోతుకు ఇంకిందో అంత లోతుకు తడిసేలా పోసి, డబ్బా మీద రాసినంతసేపు వదిలేయండి. చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే మీకు తెలియని మరకలు కూడా బయటపడతాయి. తరువాత సోఫాను గోడకు ఆనించేయండి.

పగలు రెండు మూడు గంటలకోసారి పొడవాటి తాడుతో బయటికి తీసుకెళ్లి, దాని వైపు చూడకుండా పక్కకు తిరిగి నిలబడండి. పోయడం పూర్తయ్యాక మెల్లగా పిలిచి, దానికి ఇష్టమైన ముక్క ఒకటి ఇవ్వండి. లోపల పోస్తుండగా చూసినా అరవకుండా బయటికి పిలవండి. నాకు ఐదారు నెలలు పట్టింది, మీకు అంత పట్టకపోవచ్చు.

తెల్లమచ్చ:
నిన్న రాత్రి చుక్క చాలా రోజుల తరువాత తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. నేను తల ఎత్తగానే తోక ముడిచి పక్కకు తప్పుకుంది. ఏమీ అనకుండా లేచి తలుపు తీసి, నేను వెనక్కి జరిగాను. కొంతసేపు గుమ్మంలోనే ఆగి, తరువాత బయటికి వెళ్లి పోసింది. పరుపు ఈ ఉదయమూ పొడిగానే ఉంది. సోఫా జరిపాను, మంచం కింద సగం ఇంకా తుడవాల్సి ఉంది.