వేడెక్కాక స్టార్ట్ కాని పాత కార్బురేటర్ కారు: లోపం కాయిల్‌లోనా, పెట్రోల్ లైన్‌లోనా?

పొద్దున చోక్ లాగి తాళం తిప్పితే వెంటనే అందుకుంటుంది. గంటసేపు నడిపి ఆపి, పావుగంటకి తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ముప్పావుగంట చల్లారనిస్తే మళ్ళీ మామూలే.

కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ., వాటి దగ్గర నిప్పురవ్వలు తగ్గించే కండెన్సర్ కొత్తది. ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చే కాయిల్ బ్యాలస్ట్ (విడి రెసిస్టర్) లేని 12 వోల్టులది; దాని ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే తీగచుట్ట) నిరోధం చల్లగా 3.1 ఓమ్‌లు, వేడి మీద 3.7. రాగి తీగ వేడెక్కితే ఆ మాత్రం పెరుగుతుంది కాబట్టి దీన్నిబట్టి కాయిల్ పోయిందనలేం, బాగుందనీ అనలేం. లోపలి ఇన్సులేషన్ వేడికి లీకైతే మల్టీమీటర్‌కి చిక్కదు కదా. వేడి మీద స్పార్క్ సన్నగా, నారింజ రంగులో, అంటే బలహీనంగా వస్తోంది.

అయితే ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే, ఇంజన్ ఆగి ఉన్నా మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) దగ్గర పెట్రోలు చుక్కలు చుక్కలుగా కార్బురేటర్ గొంతులోకి (గాలి వెళ్ళే దారిలోకి) కారుతోంది, ప్లగ్గులు తడిగా ఉంటున్నాయి. ఫ్లోట్ గిన్నెలో (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) పెట్రోలు మరిగి పొంగుతోందని అనుమానం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తిప్పితే ఒక్కోసారి అందుకుంటుంది, నల్లపొగతో.

ముందు కాయిల్ మార్చాలా, లేక ఇంజన్ వేడి ఎక్కకుండా కార్బురేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ వేసి ఫ్లోట్ లెవెల్ (గిన్నెలో పెట్రోలు మట్టం) తగ్గించాలా? రెండూ ఒకేసారి చేస్తే అసలు కారణం తేలదు. వేడి మీదే రెంటినీ విడదీసే పరీక్ష ఏదైనా తెలిస్తే చెప్పండి.