అప్‌డేట్: ఫ్రీలాన్సర్ కోడ్ వల్ల ఆగిన మా కంపెనీ అమ్మకం పూర్తయింది

2018లో ఒక ఫ్రీలాన్సర్ మా కోసం రాసిన బిల్లింగ్ కోడ్ హక్కులు మావేనా అన్న దగ్గర మా కంపెనీ కొనుగోలుదారుల లాయర్లు ఆగిపోయారు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు. "పాత ఒప్పందాన్ని లాయరుతో చదివించండి" అన్న సలహాయే దారి చూపింది.

హక్కులు మాకు బదిలీ చేసినట్టు అందులో ఉంది గానీ, ఎంతకాలమో, ఏ దేశాలకో రాయలేదు. అలా రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లే, అదీ భారతదేశం వరకే. అంటే మా హక్కు 2023లోనే తీరిపోయింది! జీతం మీద పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు మామూలుగా ఈ చిక్కు ఉండదు.

హైదరాబాద్‌లోని స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్‌లో పరిచయమైన మిత్రుడి ద్వారా ఆ ఫ్రీలాన్సర్ ఆచూకీ దొరికింది. తగిన పారితోషికం ఇచ్చి, స్టాంపు కాగితం మీద "ప్రపంచవ్యాప్తంగా, కాపీరైట్ గడువు మొత్తానికి" అని రాయించి, పేజీ పేజీకీ సంతకం తీసుకున్నాం. మా ట్రేడ్‌మార్కు గురించి కూడా నేను పడ్డ బెంగ అనవసరం. కొనుగోలుదారులు దాని ఊసే ఎత్తలేదు. మా పదకొండు మంది ఉద్యోగాలూ నిలిచాయి.