అక్టోబర్ డే కొత్త నవలకు ముందు ఏది చదవాలి?

అందరికీ నమస్కారం. విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. షానన్ మెగ్వైర్ రాస్తున్న అక్టోబర్ డే నవలలను 2009లో వచ్చిన మొదటి పుస్తకం నుంచి 2022 నాటి పదహారవ పుస్తకం దాకా వరుస తప్పకుండా చదివాను. శాపం వల్ల చేపగా మారి, పద్నాలుగేళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక కొలనులో గడిపి ఇంటికి తిరిగివచ్చిన కథానాయిక అక్టోబర్‌ను కన్నకూతురే దగ్గరకు రానివ్వని ఘట్టం చదివిన సాయంత్రం, ఉప్పుగాలికి అట్ట వంకరపోయిన ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని రామకృష్ణా బీచ్‌లో చీకటి పడేదాకా కూర్చుండిపోయాను.

2025లో వచ్చిన పందొమ్మిదవ నవల 'సిల్వర్ అండ్ లెడ్' ఇప్పుడు నా చేతిలో ఉంది. అయితే 2023లో వెలువడిన 'స్లీప్ నో మోర్', 'ది ఇన్నొసెంట్ స్లీప్' అనే రెండు నవలలూ నేనింకా చదవలేదు. అవి రెండూ ఒకే కాలంలో జరిగే కథను చెబుతాయని, మొదటిది అక్టోబర్ మాటల్లో, రెండవది ఆమె భర్త టిబాల్ట్ మాటల్లో సాగుతుందని తెలుసు. రెండు పేర్లూ 'మాక్‌బెత్' నాటకంలోని ఒకే సంభాషణ నుంచి తీసుకున్నవే. ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి చదవడం మంచిదా, లేక మొదటిది మాత్రం చదివి కొత్త నవలకు వెళ్లినా కథ అర్థమవుతుందా? టిబాల్ట్ అంటే నాకు ఎంతో ఇష్టం కనుక, అతని మనసు తెలిసే పుస్తకాన్ని వదిలేయడానికి మనసొప్పడం లేదు.

ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు నేరుగా కొత్త నవలతోనే మొదలుపెడతానంటోంది. నాకది సరైనదిగా అనిపించడం లేదు. అలా మొదలుపెట్టినవారు ఎవరైనా ఉంటే, కథ మలుపులు బయటపెట్టకుండా తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.