తాగుడు ఒక్కడి అలవాటా, చుట్టూ ఉన్నవాళ్లదా?

ప్రశ్న: మా ఆఫీసులో పార్టీ అంటే మందే. అసలు ముట్టని వాళ్లు కూడా ఏడాది తిరిగేసరికి గ్లాసు పట్టుకుంటున్నారు. దేశం మొత్తం మీద కూడా ఇలాగే జరుగుతుందా? ఎవరైనా పరిశోధించారా?

జవాబు 1: చేశారు. నార్వేకి చెందిన పరిశోధకుడు స్కోగ్ 1985లో చెప్పింది ఇదే: సమాజంలో సగటు తాగుడు పెరిగితే కొద్దిగా తాగేవాళ్లూ, విపరీతంగా తాగేవాళ్లూ అందరూ కలిసే పైకి జరుగుతారు. అందుకే "తాగుబోతులను మాత్రం బాగుచేస్తే చాలు" అన్న మాట నాకు నచ్చదు.

జవాబు 2: అమెరికాలో గుండె ఆరోగ్యం మీద దశాబ్దాలుగా సాగుతున్న ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలోని 12,067 మందిని 1971 నుంచి 2003 దాకా గమనించారు. స్నేహితులు, బంధువులు ఎక్కువగా తాగితే మనిషి తాగుడూ పెరిగింది, వాళ్లు మానేస్తే తగ్గింది, అది స్నేహితుడి స్నేహితుడి స్నేహితుడి దాకా కనబడింది. ఇరుగుపొరుగు, సహోద్యోగుల ప్రభావం మాత్రం అంతగా కనబడలేదు. కాబట్టి మీవాళ్లు సహోద్యోగులుగా కాదు, స్నేహితులుగా మారాకే తాగుతున్నారేమో చూడండి.

జవాబు 3: తాగేవాళ్లు తాగేవాళ్లనే స్నేహితులుగా ఎంచుకుంటారు కదండీ, స్నేహం వల్ల తాగారా, తాగుడు వల్ల స్నేహం కుదిరిందా అన్నది పూర్తిగా విడదీయడం కష్టం.

జవాబు 4: నెల్లూరు జిల్లా దూబగుంటను మరిచిపోవద్దు. తొంభైల మొదట్లో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయిస్తే, అది చూసి ఊరూరా ఆడవాళ్లు కదిలారు, 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. చట్టం కంటే ముందు కదిలింది పక్క ఊరిని చూసిన ఊరే.